వేదిక లేని మైదానం పట్టుకుని రాజోలు నుంచి కొత్తపేట దాకా

ఈ ప్రయాణం పేపర్లో పడ్డ ఒక చిన్న ప్రకటనతో మొదలైంది. రాజధాని నడిబొడ్డున ఉన్న పెద్ద మైదానాన్ని తిరగ్గట్టబోతున్నారట. అది ప్రజలందరి స్థలంగా ఉండాలంటే ఏం చేయాలో జిల్లాల నుంచి వచ్చి చెప్పొచ్చట. అది చదివాక నాకు కుదురు లేదు. ఇన్నాళ్లూ కరపత్రాల్లో చదువుకున్నదంతా ఎక్కడ వాడాలా అని చూస్తున్నవాణ్ణి. మైదానాలను రాజులు సైన్యాన్ని చూపించుకోవడానికి కట్టుకున్నారు, తర్వాతివాళ్లు వాటికి కంచెలు వేసి గేట్లు పెట్టారు, జనం మాత్రం ఎప్పుడూ కింద నిలబడి మెడలెత్తి చూస్తూనే ఉన్నారు. ఇదీ నా అవగాహన. అందుకే నాలుగు తెల్ల అట్టలు అతికించి, నా మైదానం నేనే గీశాను. కంచె లేదు, గేటు లేదు. అన్నిటికంటే ముఖ్యం, వేదిక లేదు. నేలంతా ఒకే మట్టం. ఎవరు మాట్లాడాలన్నా ఉన్నచోటే లేచి మాట్లాడాలి, ముఖ్యమంత్రి అయినా సరే, మా ఊళ్లో కొబ్బరి దింపు తీసేవాడైనా సరే.

చిక్కేమిటంటే, మా ప్రాంతం నుంచి మాట్లాడే అవకాశం ఒక్కరికే. కొత్తపేటలో ఉన్న పౌర సంఘం దాన్ని తమ అధ్యక్షురాలు కరుణమ్మ టీచరుగారికి ఇచ్చింది. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి, మంచి పేరున్నావిడ. ఫోన్ చేసి నా ప్రతిపాదన చదవమని అడిగితే, "శనివారం సాయంత్రం వెళ్తున్నాను బాబూ, ఈలోగా కాగితం పట్టుకుని వచ్చెయ్, చూద్దాం" అన్నారు. అంటే శనివారం సాయంత్రం లోపల ఆవిడని ఒప్పించాలి. లేకపోతే వేదిక వద్దనే మాట రాజధానిలో ఎవరి నోటా రాదు.

శనివారం ఉదయం ఆరున్నరకి మా ఊరి నుంచి రాజోలు బస్టాండుకి షేర్ ఆటో ఎక్కాను. మనిషికి మూడు రూపాయలు. అట్టలు మడత పెట్టడం ఇష్టంలేక చాప చుట్టినట్టు చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. డ్రైవరు అదేంటని అడిగితే ఆపి మరీ విప్పి చూపించాను. అతను మర్యాదగా చూసి, ఇందులో ఆటో స్టాండు ఎక్కడండి అన్నాడు. లోపలికి బళ్లు రావని చెప్పాను. "ఆయ్. మరి ముసలాళ్లూ అదీ ఎలా వస్తారండి?" అన్నాడు. నడిచి వస్తారని విసురుగా అన్నాను. "ఆయ్, నడిస్తే మంచిదేనండి" అని ఒప్పేసుకున్నాడు. మా వైపు మనుషులతో ఇదే ఇబ్బంది. కాదంటే వాదించొచ్చు. అన్నిటికీ ఆయ్ అంటే ఎక్కడని పోట్లాడతాం?

రాజోలు నుంచి అమలాపురానికి బస్సులకి కొరత లేదు. పదిహేను రూపాయల లోపే టిక్కెట్టు, గంటా గంటంపావు ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుంటే తాటిపాక దాటినప్పటి నుంచి కొబ్బరితోటల సందుల్లోంచి గ్యాసు బావుల మంట కనబడుతూ ఉంటుంది. మామిడికుదురులో కాలేజీ పిల్లలు ఎక్కి బస్సు కిక్కిరిసిపోతుంది. వైనతేయ గోదావరి మీద వంతెన ఎక్కేటప్పుడు మాత్రం అందరూ ఒక్క క్షణం మాట్లాడటం ఆపుతారు. ఎందుకో నాకు తెలియదు, ప్రతిసారీ జరుగుతుంది. అమలాపురంలో దిగి గడియారస్తంభం సెంటర్లో కాసేపు నిలబడ్డాను. మన దగ్గర జనం తమంతట తాము ఎలా గుమిగూడతారో చూసి ఆవిడకి ఉదాహరణగా చెప్పాలని నా ప్లాను. తీరా చూస్తే ఎవరూ మధ్యలో నిలబడలేదు. బట్టల కొట్టు అరుగు మీద కొందరు, మందుల షాపు నీడలో కొందరు, ఎవరి చోటు వాళ్లకి ఏళ్ల కిందటే రాసిచ్చినట్టు ఉంది. మధ్యలో నేనొక్కణ్ణే అట్టల చుట్ట పట్టుకుని నిలబడితే, కానిస్టేబుల్ వచ్చి ఏ పార్టీ అని అడిగాడు.

కొత్తపేట వైపు బస్సు తొమ్మిదింటికి దొరికింది. అంబాజీపేటలో ఆగినప్పుడు పొట్టిక్కలు తినండి. పనసాకు బుట్టలో పోసి ఉడికించిన ఇడ్లీలే అవి, ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది. పది దాటితే అయిపోతాయి. నేను నాలుగు కట్టించుకుని బస్సులోనే తిన్నాను. అవి పూర్తికాకుండానే ఒక ఊరి సెంటర్లో బస్సు ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా షామియానా వేశారు. కొత్తగా కట్టిన ప్రయాణికుల షెడ్డుకి ప్రారంభోత్సవం.

దిగి చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. షెడ్డునే వేదిక చేశారు. లోపల కుర్చీలు వేసి, టేబులు మీద పూలదండలు పెట్టి, పెద్దలందరినీ కూర్చోబెట్టారు. మైకు పట్టుకున్నాయన పేర్లు పిలుస్తూనే ఉన్నాడు. పిలిచినకొద్దీ జనంలోంచి ఒక్కొక్కరూ లేచి లోపలికి వెళ్తున్నారు. షామియానా కింద కుర్చీలు ఖాళీ అవుతున్నాయి, షెడ్డులో చోటు చాలక మనుషులు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చునేలా ఉన్నారు. నిజంగా బస్సు కోసం వచ్చినవాళ్లు షామియానాలోకి రావడానికి మొహమాటపడి, బయట ఎండలో గంపలతో నిలబడ్డారు. కండువా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన, కార్యకర్త అనుకుంటాను, బస్సులోవాళ్లు కూడా దిగి కూర్చుంటే సభకు నిండుదనం వస్తుందని బతిమాలుతున్నాడు. ఆయన్ని పట్టుకున్నాను.

"ఇది ఎవరి కోసం కట్టిన షెడ్డండి?" అన్నాను.

"అందరిదీనండి."

"మరి ప్రయాణికులు ఎండలో ఉన్నారేంటండి?"

"ఆయ్. ఇవాళ ఒక్కరోజేనండి. రేపట్నుంచి వాళ్లదే కదండి."

కిందకి దిగి అందరితో పాటు కూర్చోవచ్చు కదా అని గట్టిగానే అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. కిందుంటే ఎవరు వచ్చేరో ఎవరికి తెలుస్తుందండి అని నాకే నచ్చజెప్పాడు. తర్వాత నా చేతిలో అట్టల చుట్ట చూసి, ఎక్కణ్ణించి వచ్చేరని అడిగి, చక్కా వెళ్లి మైకాయన చెవిలో ఊదాడు. రాజోలు నుంచి విచ్చేసిన యువమిత్రులు వేదికను అలంకరించాలని మైకులో వినబడింది. నేను వేదికలు ఎక్కనని అరిచాను. నా పక్కన చేపల గంపతో నిలబడ్డ ఒకావిడ నాకేసి చూడకుండానే, "పిలిస్తే ఎక్కడానికేం రోగమయ్యా. మమ్మల్ని పిలిచినవాడే లేడు" అంది. అది నన్ను తిట్టడమో, వాళ్లను తిట్టడమో నాకు అర్థం కాలేదు. బస్సు కదిలేదాకా అక్కడ ఎవరూ నాతో మాట్లాడలేదు.

కొత్తపేట చేరేసరికి పదకొండున్నర దాటింది. కరుణమ్మ టీచరుగారి ఇల్లు సెంటర్ నుంచి పది నిమిషాల నడక, చర్చి దాటాక. ఆవిడ అప్పటికే పెట్టె సర్దుకుని, వెళ్లేటప్పుడు కట్టుకోవడానికి ఇస్త్రీ చేసిన తెల్లంచు చీర కుర్చీ మీద పరిచి ఉంచారు. వాళ్ల వదినగారు వంటింట్లోంచి వచ్చి, ముందు భోజనం చేస్తే గాని మాటలు లేవన్నారు. నేల మీద కూర్చుంటానన్నాను. అదే నాకు అలవాటనీ, అదే సమానత్వమనీ కూడా అన్నాననుకుంటాను. ఆవిడ నవ్వి, "మా ఇంట్లో ఇప్పుడెవరూ కింద కూర్చుని తినరండి. టేబులు మీదే పెడతాను, ఏమనుకోకండి" అన్నారు. ఆనపకాయ పులుసు, చింతకాయ వేసిన రొయ్యలు. సిగ్గు లేకుండా తిన్నాను.

తర్వాత అట్టలు టేబులు మీద పరిచి, పక్కన ప్రతిపాదన రాసిన కాగితం పెట్టి అంతా వివరించాను. టీచరుగారు కళ్లజోడు సర్దుకుంటూ ప్రతి గీతా చూశారు. కంచె లేకపోవడం బాగుందన్నారు. మంచినీళ్లూ మరుగుదొడ్లూ లేవేమని అడిగితే అప్పటికప్పుడు పెన్సిల్‌తో రాశాను. చివరికి వేదిక ఎక్కడన్నారు. లేదని గర్వంగా చెప్పాను. ఆవిడ కాగితంలో వేదిక ఉండకూడదని రాసిన చోట వేలు పెట్టారు.

"ఈ ముక్క నేను చదవను బాబూ" అన్నారు.

ఎందుకని అడిగాను. ఆవిడ గొంతు పెంచలేదు. వాళ్ల నాన్నగారు పాలేరుగా చేసేవారట. ఊళ్లో ఏ సభ జరిగినా ఆఖరున, విడిగా, కింద కూర్చునేవారట. "నేల మట్టంగానే ఉండేది. మేం ఎక్కడ కూర్చోవాలో మాత్రం అందరికీ తెలుసు" అన్నారు. ఈవిడ హెడ్మిస్ట్రెస్ అయిన సంవత్సరం స్కూలు వార్షికోత్సవంలో తొలిసారి వేదిక ఎక్కారట. కుర్చీ ఆ చివర వేశారట, కుర్చీ కాలు ఒకటి అంచు దాటి గాల్లో ఉందట. ఎక్కడ పడిపోతానోనని కదలకుండా సభ అయ్యేదాకా కూర్చున్నారట. నాన్నగారు ప్రహరీ గోడ అవతల నిలబడి చూసి వెళ్లిపోయారట.

"అక్కడికి వెళ్లేసరికి ఇంతకాలం పట్టింది. ఇప్పుడు నువ్వొచ్చి వేదికే తీసెయ్యమంటున్నావు."

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, ఎవరి మీదో. "మీరు ఎక్కేరండి. మీ వెనకున్న వాళ్ల సంగతేంటండి?" అన్నాను.

"వాళ్లూ ఎక్కుతారు."

"అందరూ ఎక్కితే కింద కూర్చుని వినేదెవరు టీచరుగారూ?"

"ఇప్పుడు మాత్రం ఎవరు వింటున్నారండి" అన్నారు వదినగారు, గిన్నెలు తీస్తూ. ముగ్గురం నవ్వాం గాని విషయం తేలలేదు. చివరికి టీచరుగారే ఒక దారి చెప్పారు. ఆ ముక్క కొట్టేస్తే మిగతాదంతా చదువుతారు. కొట్టనంటే ఆవిడ బదులు నేనే వెళ్లొచ్చు, సంఘంవాళ్లతో చెప్పి పేరు మార్పిస్తారు. ఆ మాట అంటూ ఆవిడ కుర్చీ మీద చీర కేసి చూడలేదు. నేను చూశాను. రాజధానిలో నిలబడి మాట్లాడటం నేను కలగన్న పని. చెయ్యి చాపితే అందేలా ఉంది. కొట్టెయ్యడానికి పెన్సిల్ తీశాను, చెయ్యి రాలేదు. వెళ్తానని చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. సాయంత్రం ఆవిడ పెట్టె మోసుకుంటూ సెంటర్ దాకా వెళ్లి, రాజమండ్రి బస్సు ఎక్కించి, కాగితం ఉన్నది ఉన్నట్టే చేతికిచ్చి, "మీ ఇష్టమండి" అన్నాను. ఆ మాట జీవితంలో అంతకుముందు ఎవరితోనైనా అన్నానేమో నాకు గుర్తులేదు.

తిరుగు ప్రయాణం గురించి రాయడానికేమీ లేదు. అమలాపురం దాకా నిలబడే వచ్చాను.

సోమవారం టీచరుగారు ఫోన్ చేశారు. సభ పెద్ద హాల్లో జరిగిందట. అధికారులూ నిపుణులూ వేదిక మీద, జిల్లాల నుంచి వచ్చినవాళ్లకి మాత్రం మైకు కింద, నేల మీద పెట్టారట. పేరు పిలవగానే ఈవిడ లేచి, పైకొచ్చి మాట్లాడతానన్నారట. మైకు ఇక్కడే ఉంది మేడమ్ అన్నాడట ఒకతను. మెట్లు ఎటని అడిగితే ముందువైపు లేనే లేవట. తెర వెనకాల, టీలు తెచ్చే తలుపు పక్కన ఉన్నాయట. మోకాళ్ల నొప్పులతో ఆ చుట్టు తిరిగి వెళ్లేదాకా హాలంతా ఎదురుచూసిందట. పైకి వెళ్లాక ఎవరో కుర్చీ ఇచ్చారట. కూర్చోకుండా, నా కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివారట. వేదిక ఉండకూడదన్న ముక్కతో సహా.

"చదవనన్నారు కదండి" అన్నాను.

"కింద నించోబెడితే చదివేదాన్ని కాదు. ఎక్కేక చదివేను."

"అంటే నా మాట ఒప్పుకున్నట్టేనాండి?"

"ఏమో బాబూ. చదివేటప్పుడు నిజమే అనిపించింది. దిగమనేసరికి దిగబుద్ధి కాలేదు" అన్నారు.

ఇది జరిగి రెండు వారాలైంది. రాజోలు నెట్ సెంటర్లో కూర్చుని ఇది టైపు చేస్తున్నాను గాని ఏమనుకోవాలో నాకింకా తెలియడం లేదు. ఇంటి దగ్గర అట్టల మీద వేదిక గీశాను, చెరిపాను. తక్కువ ఎత్తులో మళ్లీ గీశాను. ముందువైపు ఈ చివర నుంచి ఆ చివరకి మెట్లు పెట్టాను. అన్నీ మెట్లే అయితే అది వేదికో, జనం కూర్చునే చోటో తెలియలేదు. మళ్లీ చెరిపితే అట్ట చిరిగింది. నేను చదివిన కరపత్రాల్లో జనం అంటే ఒకే మనిషిలా ఉండేది. ఆ జనంలో కొందరు ఇంకా ఎక్కనేలేదనీ, ఎక్కినవాళ్లకి దిగబుద్ధి కాదనీ, రెండూ న్యాయంగానే ఉంటాయనీ ఎవరూ రాయలేదు. అందరూ ఒక్కసారి ఎక్కేదాకా ఆగి అప్పుడు పడగొట్టాలా? అప్పటిదాకా చేపల గంప ఎత్తుకున్నావిడ ఎండలోనే నిలబడాలా? కోపమైతే పోలేదు. ఎవరి మీద చూపించాలో తెలియక దాచుకున్నాను.

ఈ దారిలో వెళ్లాలనుకునేవారు శనివారాలు మధ్యాహ్నం లోపే కొత్తపేట చేరండి, సాయంత్రం రాజమండ్రి బస్సుల్లో నిలబడటానికి కూడా చోటుండదు. ఇక అక్కణ్ణించి రాజధానికి, ఏదో ఒక సభలో నాలుగు మాటలు చెప్పడానికి వెళ్తున్నవారికి ఒక్క సలహా: మీ పేరు పిలవకముందే ఒకసారి లేచి వెళ్లి, మెట్లు ఎటువైపున్నాయో చూసి పెట్టుకోండి.