ఉప్మా పిన్ని, వీధికుక్కలు, నా నోటిదూల

ఆ ఏడు మున్సిపల్ ఎన్నికల్లో నేను తక్కెడ గుర్తుకి మైకుని. రిక్షాకి ముందొకటి, వెనకొకటి ఇనప హారన్లు కట్టి, మధ్యలో బ్యాటరీనీ నన్నూ కూర్చోబెట్టి వీధులన్నీ తిప్పేవారు. బ్యాటరీకి రాత్రిపూట చార్జింగు పెట్టేవారు, నాకు పొద్దున్నే పెసరట్టు పెట్టేవారు. ఇద్దరం దాదాపు ఒకే హోదాలో ఉండేవాళ్ళం. బీకాం రెండోసారి తప్పినవాడికి అంతకన్నా పెద్ద పదవి మా ఊళ్ళో లేదు.

తక్కెడ గుర్తు మీద నిలబడ్డాయన మా వార్డు బియ్యం వర్తకుడు. ఆయన తక్కెడ ఎలా తూగుతుందో ఊరందరికీ తెలుసు గనక గుర్తు గురించి పెద్దగా ప్రచారం అక్కర్లేకపోయింది. నామినేషను వేసిన మర్నాటి నుంచీ కొట్లో గుమాస్తాల చేత ‘నాయకుడు గారు’ అనిపించుకోవడం మొదలుపెట్టాడు. నేనూ అలాగే అంటాను.

మా వార్డు చివర, కాలవ అవతల బర్మా కాలనీ ఉంది. రంగూన్లో కొట్లూ కొలువులూ పోగొట్టుకుని, అక్కడి సర్కారు పొమ్మంటే ఓడలెక్కి తిరిగొచ్చినవాళ్ళు. తిరిగొచ్చినవాళ్ళు అన్న మాట కాస్త నిదానంగా చదవండి. వాళ్ళ తాతలు కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళిన మనవాళ్ళే. మా అమ్మమ్మ చిన్నాన్న కూడా అలా వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. అంచేత ఆయన్ని మేం ఏటేటా గౌరవంగా తలుచుకుంటాం. వచ్చినవాళ్ళని మాత్రం బర్మావాళ్ళంటాం.

వాళ్ళకి గవర్నమెంటు ఇచ్చిన స్థలంలో నాయకుడు గారు ఎప్పట్నుంచో బియ్యం గోడౌను కట్టుకోవాలనుకున్నాడు. దేశభక్తి పుట్టడానికి అంత స్థలం చాలు. మొదటి మీటింగులో వాళ్ళని ‘బయటివాళ్ళు’ అన్నాడు. రెండోదాంట్లో ‘చెదలు’ అన్నాడు. మూడోదాంట్లో ‘పందికొక్కులు’ అన్నాడు. మర్నాడు నేను రిక్షాలో కూర్చుని అదే మాట వీధివీధినా పలికాను. పందికొక్కుల గురించి బియ్యం వర్తకుడికి తెలిసినంత ఎవరికి తెలుస్తుందిలే అని లోపల నవ్వుకున్నాను. నాకప్పట్లో ఆ జబ్బుండేది. లోపల నవ్వుకుంటే బయట అన్నది నాది కాదనుకునేవాణ్ణి.

ఇంతలో మా ఊళ్ళో ఏదో శంకుస్థాపనకి మంత్రి గారొస్తున్నారని మున్సిపాలిటీవాళ్ళు వీధికుక్కల్ని పట్టుకుపోయారు. మంత్రి గారు వచ్చారు, వెళ్ళారు. కుక్కలు మాత్రం రాలేదు. టీకొట్టు దగ్గర ఎవరో అడిగారు.

“మన వీధిలో కుక్కలేమైపోయాయిరా? అర్ధరాత్రి ఒక్కటీ మొరగట్లేదు.”

“ఏముందండీ, బర్మా కాలనీలో కూరైపోయుంటాయి,” అన్నాను.

నవ్వారు. టీకొట్టాయన గ్లాసు దించి మరీ నవ్వాడు. ఎన్నికల రోజులు గనక నాయకుడు గారు కూడా అక్కడే నిలబడి మాతో టీ తాగుతున్నాడు. ఆయన నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో సాయంత్రానికి తెలిసింది.

సాయంత్రం మార్కెట్ సెంటర్లో మీటింగు. నేను స్టేజీ పక్కన ఆంప్లిఫయరు దగ్గర కూర్చున్నాను. నాయకుడు గారు గొంతు తగ్గించి, దుఃఖం వచ్చినవాడిలా అడిగాడు. “అక్కలారా, అన్నలారా, మన వీధుల్లో కుక్కలేమయ్యాయి? విశ్వాసంగల జంతువులు. మన గుమ్మాల్లో పెరిగినవి. ఎవరి కుండల్లోకెళ్ళాయి? కాలవ దాటి చూడండి, మీకే తెలుస్తుంది!”

నేను నవ్వు కోసం ఎదురుచూశాను. మన సరుకు కదా, ఎక్కడ పండుతుందో మనకి తెలుస్తుంది. నవ్వు రాలేదు. ముందు వరసలో ఒక ముసలావిడ “అమ్మో!” అని గుండెల మీద చెయ్యేసుకుంది. తరవాత చప్పట్లు. పొద్దున్న నేను పుట్టించిన జోకు రాత్రికి వార్తయి నా హారన్లలోంచే ఊరిమీదికి వెళ్ళింది.

మర్నాటికి దానికి కాళ్ళొచ్చాయి. కాలవగట్టున ఎముకలు దొరికాయని ఒకరు. తోలు ఆరేసుండగా చూశానని ఇంకొకరు. ఏనాడూ కుక్కని పెంచని ఒకాయన తన కుక్క పోయిందని ఏడ్చాడు.

ఇక్కడ ఉప్మా పిన్ని గురించి చెప్పాలి. మా వీధి చివర మున్సిపల్ స్కూల్లో పిల్లలకి మధ్యాహ్నం ఉప్మా పెట్టేవారు. అమెరికా గోధుమ నూక, రెండు చేతులు కలుపుకున్న బొమ్మున్న డబ్బాల్లో నూనె. వండి పెట్టే ఆవిడ బర్మా కాలనీ మనిషి. చెంపలకి ఏదో చెక్క అరగదీసిన పసుప్పచ్చని గంధం రాసుకునేది. నేనా స్కూల్లో చదివినప్పుడు గుండిగ అడుగున మాడిన చెక్కు గీకి నా పళ్ళెంలో వేసేది. “లెక్కలు రావు గానీ మాడు మాత్రం వాసన పట్టేస్తావురా,” అనేది. ఆవిడది పన్నెండేళ్ళుగా టెంపరరీ ఉద్యోగం. ఎన్నికలు కాగానే పర్మినెంటు ఆర్డరు వస్తుందని హెడ్మాస్టారు చెప్పారు. మొగుడు రంగూన్లోనే పోయాడు. ఆవిడకి ఉన్న ఆధారం ఆ గుండిగ ఒక్కటే.

మీటింగైన మూడో రోజు మా రిక్షా స్కూలు ముందునుంచి వెళ్తుంటే గేటు దగ్గర తల్లులు గుమిగూడి కనిపించారు. దిగి లోపలికెళ్ళాను. గుండిగ నిండా ఉప్మా ఉంది. పిల్లలు ఖాళీ పళ్ళేలతో గోడవారన నిలబడ్డారు.

“ఏంటమ్మా నువ్వందులో వేసేది?” అని ఒకావిడ నిలదీస్తోంది.

“గోధుమ నూకండి. బస్తా అదిగో, చూసుకోండి.”

“మరి నూనె?”

“డబ్బా కూడా అదిగోనండి. చేతులు కలిపిన బొమ్మ లేదూ?”

“బొమ్మదేవుందిలే. కుక్క కొవ్వని రాసి అమ్ముతారా ఏంటి ఎవరైనా!”

ఈ తర్కానికి దేవుడైనా జవాబు చెప్పలేడు. హెడ్మాస్టారు ఆవిణ్ణి పక్కకి పిలిచారు. మంచాయన. మంచితనం ఎప్పుడూ మెల్లగా మాట్లాడుతుంది.

“ఎలక్షన్లయ్యేదాకా సెలవు పెట్టమ్మా. అందరికీ మంచిది.”

“సెలవు పెట్టడానికి నేనేం పర్మినెంటా అండీ? టెంపరరీవాళ్ళు సెలవు పెడితే ఇంక రావడం ఉండదండి. మీకు తెలీదా?”

ఆయనకి తెలుసు. కళ్ళజోడు తుడుచుకున్నారు.

అప్పుడు పిన్ని నన్ను చూసింది. “నువ్వొచ్చావేంట్రా? తింటావా?”

ఒక పళ్ళెం తీసుకుని, తల్లులందరికీ కనిపించేలా గుమ్మంలో కూర్చుని తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను. నా మటుకు అది వీరోచిత కార్యం.

“వాడా! వాడు ఏం పెట్టినా తింటాడండి, ఎలక్షన్ మనిషి,” అంది ఇందాకటావిడ. పిల్లల్ని చేతులు పట్టుకుని తీసుకెళ్ళిపోయారు.

ఆ మాట నాదేనని ఆ రోజు పిన్నితో చెప్పలేదు. నోట్లో ఉప్మా ఉందని నాకు నేను చెప్పుకున్నాను.

సాయంత్రం నాయకుడు గారి కొట్టుకెళ్ళాను. “కుక్కల సంగతి అబద్ధమని మీరొక్క మాట అంటే చాలండి. స్కూల్లో ఆవిడ ఉద్యోగం పోయేలా ఉంది,” అన్నాను.

ఆయన ఎంతో ప్రేమగా నా భుజం తట్టాడు. “నీ జోకేరా అది! ఎంత బాగా పండిందో చూశావా? ఓట్లయ్యాక చూద్దాంలే. రాత్రికి యానాం నుంచి మందు సీసాలొస్తున్నాయి, నువ్వూ రా.”

వెళ్ళలేదు. వెళ్ళలేదని ఇప్పుడు గొప్పగా రాస్తున్నాను గానీ, మర్నాడు పొద్దున్నే రిక్షా ఎక్కాను.

ఆఖరి మీటింగు రోజు. నాయకుడు గారు మళ్ళీ కుక్కల దగ్గరికొచ్చేసరికి జనం వెనకనుంచి మొరుగుడు వినిపించింది. అందరూ తిరిగి చూశారు. బర్మా కాలనీ మగాళ్ళు, ఓ పాతికమంది, ఒక్కొక్కరూ ఒక్కో కుక్కని తాడుతో పట్టుకుని వరసగా వస్తున్నారు. మున్సిపాలిటీవాళ్ళు ఆ కుక్కల్ని ఊరవతల ఇటుకబట్టీల దగ్గర వదిలేసి పోయారట. బట్టీల్లో పనిచేసేది ఈ కాలనీవాళ్ళే. తమ సద్దిలో మిగిలింది వేసి ఇన్నాళ్ళూ బతికించారు. మా వీధి కుంటిదీ, సగం చెవి లేని నల్లదీ నాకు దూరం నుంచే ఆనవాలు తెలిశాయి. నల్లది కాస్త ఒళ్ళు కూడా చేసింది.

వాళ్ళలో పెద్దాయన స్టేజీ ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు. “అయ్యా, మీ కుక్కలండి. సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి.”

జనం గొల్లుమన్నారు. ఇన్నాళ్ళకి నవ్వాల్సిన చోట నవ్వారు. నాయకుడు గారికి చెమట పట్టింది. కానీ ఊరికే నాయకుడవుతాడా మనిషి? మైకు దగ్గరికి లాక్కున్నాడు.

“చూశారా! మేపుతున్నారు! ఎలా బలిశాయో చూడండి! ఎందుకు మేపుతున్నారో అడగండి!”

నవ్వు ఆగిపోయింది. జనంలో సగం మంది చప్పట్లు కొట్టారు. బతికున్న కుక్కల్ని తెచ్చి కళ్ళముందు నిలబెడితే, అదీ రుజువే అయింది. కుంటిది తోకాడిస్తోంది. దానికేం తెలుసు పాపం, తన కేసే నడుస్తోందని.

లేచి మైకు లాక్కున్నాను.

“అయ్యా, అమ్మా, ఆ మాట మొదట అన్నది నేనండి. టీకొట్టు దగ్గర, నోటిదూల కొద్దీ. కుక్కల్ని మున్సిపాలిటీవాళ్ళు పట్టుకెళ్ళారు. ఎవరూ ఏ కుక్కనీ తినలేదు. స్కూల్లో వండే ఆవిడ చేతి ఉప్మా నేను చిన్నప్పట్నుంచీ తింటున్నాను...”

సెంటరంతా విరగబడి నవ్వింది. “వీడున్నాడే!” అన్నారు ఎవరో. “అందుకేరా అప్పుడప్పుడూ మొరుగుతావు!” అన్నాడు టీకొట్టాయన. జీవితంలో మొదటిసారి జోకు కాని మాట చెబితే, నాకెన్నడూ రానంత పెద్ద నవ్వొచ్చింది. నేనేం చెప్పినా నవ్వడం, టీకొట్టు దగ్గర అయిదేళ్ళుగా జోకులేసి వాళ్ళకి అలవాటు చేసింది నేనే. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు నాయకుడు గారు. “మా కుర్రాడు సరదా మనిషి,” అని నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. మర్నాటి నుంచి పెసరట్టు ఆగిపోయింది.

ఓట్ల రోజున కాలనీకి కాలనీ తెల్లారకముందే వచ్చి వరసలో నిలబడింది. వాళ్ళతోపాటు బట్టీ కూలీలు, రిక్షావాళ్ళు, కాలవగట్టు గుడిసెలవాళ్ళు. “ఇవాళ వాళ్ళని కుక్కల్ని తిన్నారన్నాడు, రేపు మనల్ని ఏం తిన్నామంటాడో!” అంది ఒక చేపలమ్మే ఆవిడ. నాయకుడు గారు చిత్తుగా ఓడిపోయాడు. గెలిచినాయన ఊరేగింపులో నల్లకుక్కకి బంతిపూల దండ వేశారు. అది ఆ దండని తినేసింది.

కథ అక్కడితో అయిపోతే నాకూ బాగుండేది. గెలిచినాయన ప్రమాణం చేసిన వారంలో పిన్నీ, కాలనీ పెద్దాయనా ఆర్డరు సంగతి అడగడానికి వెళ్ళారు. నేనూ వెనకాల వెళ్ళాను. కుర్చీలు వేయించాడు, కాఫీలు తెప్పించాడు.

“మీ ఓట్లతోనే గెలిచానండి, చచ్చినా మర్చిపోను. ఆ కుక్కల మాట నేను ఒక్కనాడైనా నమ్మానా? కానీ తల్లులు అర్జీ పెట్టారు. పిల్లలు తినకపోతే నూక వెనక్కి పంపేస్తారు. జనం అనుమానాన్ని మనం కూడా గౌరవించాలి కదండీ.”

ఓడినాయన అరిచి చెప్పినదాన్నే గెలిచినాయన కాఫీ ఇచ్చి చెప్పాడు. ఆర్డరు ఆయన వేలువిడిచిన మరదలి పేరు మీద వచ్చింది. ఆ సంగతి మాత్రం ఏ అర్జీలోనూ లేదు.

పిన్ని స్టోర్ రూము తాళం అప్పజెప్పే రోజున స్కూలుకెళ్ళాను. గుండిగ తోముతోంది. “పిన్నీ, కుక్కల మాట మొదట అన్నది నేను,” అన్నాను.

“తెలుసురా. మా కాలనీలో రిక్షా తొక్కే అబ్బాయి ఆ టీకొట్టు దగ్గరే ఉన్నాట్ట ఆ రోజు. ఇంటికొచ్చి చెప్పాడు. వాడూ నవ్వాట్ట.” కాసేపు బూడిదతో అంచులు రుద్దింది. “నేనూ నవ్వాననుకో. రంగూన్లో కూడా మొదట ఇలాగేరా. ఈ కళావాళ్ళు పిల్లల్నెత్తుకుపోతారని అక్కడివాళ్ళు అంటుంటే, నవ్వి ఊరుకున్నాం. కళా అంటే మేమే, అక్కడ మన దేశంవాళ్ళని అలా అనేవాళ్ళు. తరవాత నవ్వడానికి వీలు లేకపోయింది.”

క్షమించమని అడుగుదామనుకున్నాను. నా గొంతుతో ఆ మాట అంటే అదీ జోకులాగే వినిపిస్తుందని భయమేసింది.

కొత్తావిడ వచ్చింది. వంటిల్లంతా ఓసారి చూసి, ముక్కుకి కొంగడ్డం పెట్టుకుని అడిగింది. “ఎంత నూకకి ఎంత నీళ్ళు పోస్తావు? ఉప్పెంత?”

నేనైతే ఉప్పు రెట్టింపు చెప్పేవాణ్ణి. పిన్ని సరిగ్గానే చెప్పింది. ఆవిడకి అర్థం కాకపోతే మళ్ళీ చెప్పింది. మూడోసారి డబ్బాతో కొలిచి చూపించింది. “నీళ్ళు బాగా మరిగాక పొయ్యాలమ్మా నూక, లేకపోతే ఉండ కడుతుంది. పిల్లలు తినరు,” అంది. చేతులు కడుక్కుని, తాళం బల్లమీద పెట్టి, గేటు దాటి కాలవవైపు నడిచింది.