నిద్రపుచ్చి ఇల్లమ్మిన గుర్రప్ప

గుర్రప్ప ఎవరికి ఏది అమ్మాలన్నా ముందు వాళ్ళని నిద్రపుచ్చేవాడు. మాటవరసకి అంటున్నది కాదు. నిజంగానే దిండు వేసి, కంబళి కప్పి, తలుపు ఓరగా మూసి నిద్రపుచ్చేవాడు.

ఆయనది కెలమంగలం. కంబళ్ళు నేసేవాడు. తక్కినవాళ్ళ దగ్గర కంబళి తడిమి చూసి కొనుక్కోవచ్చు. ఈయన దగ్గర మాత్రం కప్పుకుని ఓ గంట పడుకుంటేగాని ధర చెప్పడు. ఒక సంతలో ఆయన ముందు పదకొండు మంది వరసగా పడుకుని ఉంటే, ఊరికి కలరా తగిలిందని పోలీసాయన పరుగున వచ్చాడు. గుర్రప్ప ఆయన్నీ పడుకోబెట్టాడు. పోలీసాయన సాయంత్రం లేచి, రెండు కంబళ్ళు కొని, టోపీ మరిచి వెళ్ళిపోయాడు. అబద్ధాలాడొద్దని కృష్ణగిరి కాన్వెంటులో సిస్టర్లు నన్ను పెంచారు కాబట్టి పదకొండు అన్నాను. ఊళ్ళోవాళ్ళు పాతిక అంటారు.

1961 వేసవిలో ఈ మనిషి ఇల్లు అమ్మడానికి పూనుకున్నాడు. ఆయన భార్య అంజనమ్మకి పుట్టింటివాళ్ళు బాగలూరులో ఎకరం నేల ఇచ్చారు. అందులో చామంతి తోట వేయాలని ఆమె కోరిక. ఇల్లు అమ్మితేగాని బావి తవ్వలేరు. వానలలోగా తవ్వకపోతే ఆ ఏటికి తోట లేనట్టే. ఆమె ముందుగానే వెళ్ళి నారు పోసి, కుండలతో నీళ్ళు మోస్తోంది.

ఆ ఇంటి వెనక గదిలో పిల్లమ్మ బాడుగకుండేది. నా అన్నవాళ్ళు లేరు. పట్టుపురుగులు పెంచుకుని బతికేది. ఆ వాసనకి ఊళ్ళో ఇంకెవరూ ఆమెకి గది ఇవ్వరు. ఇల్లు చేతులు మారితే ఆమె పురుగుల తట్టలతో సహా వీధిన పడుతుందని అందరికీ తెలుసు. గుర్రప్ప మాత్రం ఆ ఊసే ఎత్తేవాడు కాదు.

ఇళ్ళ బ్రోకరు సుబ్రమణి హోసూరు నుంచి దిగాడు.

“ఏమప్పా గుర్రప్పా, నేనుండంగా నువ్వే అమ్ముకుంటావా? ఇల్లంటే కంబళి అనుకున్నావా?”

“నువ్వు తెచ్చే మనిషి ఈడ ఒక మద్యాన్నం పండుకుంటాడా?”

“ఇల్లు కొనేవాడు గోడ చూస్తాడు, బావి చూస్తాడు. పండుకునేది ఎందుకప్పా?”

“పట్టుపురుగు నాలుగు నిద్రలు పోతేగాని గూడు కట్టదు. మనిషి ఒక్క నిద్రన్నా పోకుండా గూడు కొనేస్తాడా?”

సుబ్రమణి తల పట్టుకుని వచ్చిన బస్సే ఎక్కాడు.

సెలవులకి వచ్చిన నేను, ఆయన ‘కాన్వెంటూ’ అని పిలుస్తుంటే, రోజంతా ఆ ఇంట్లోనే కూర్చునేవాణ్ణి. ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ సగం కలలాగే గుర్తు. చల్లటి బండల నేల. పెంకుల సందుల్లోంచి ఎండ దారాలు దారాలుగా జారేది. వెనక గదిలో వేల పురుగులు మల్బరీ ఆకు కొరికే చప్పుడు సన్నగా, ఆగకుండా వచ్చేది. వింటూ కూర్చుంటే నేనెక్కడున్నానో మరిచిపోయేవాణ్ణి.

మొదట హోసూరు రైసుమిల్లు రాజప్ప వచ్చాడు. ఆయన గురకకి పెంకులు జరిగి, ఆకాశం ఇంకొంచెం ఎక్కువ కనిపించింది. ఆయన కళ్ళు తెరిచేసరికి గుర్రప్ప పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు.

“నిద్ర ఎట్లుండె? ఏమన్నా వినిపించెనా?”

“ఆ కరకర ఏందప్పా? పురుగులా? తూ! కొన్న మర్నాడే తీసి పారేస్తా.”

“నీకు ఈ ఇల్లు వద్దులేప్పా. పండుకుంటే నీ కాళ్ళు గడప దాటినాయి. ఇది పొట్టోళ్ళ ఇల్లు.”

తర్వాత నాగేశప్ప వచ్చాడు. పొట్టివాడే. ఆయనా లేస్తూనే పురుగుల మీద విసుక్కున్నాడు. “నీకు ఇల్లు మరీ పెద్దదప్పా, నిద్రలో నిన్ను వెతుక్కోవాల్సొచ్చె,” అని పంపేశాడు గుర్రప్ప. ఇంకొకాయన ఎడమపక్కకి తిరిగి పడుకున్నాడని తప్పుబట్టాడు. ఆ తర్వాతాయన కుడిపక్కకి తిరిగాడని.

కబురు బాగలూరు చేరింది. అంజనమ్మ బస్సు దిగి నేరుగా వాకిట్లోకి వచ్చింది.

“ఏమయ్యో! ఆడ నారు వాడిపోతా ఉంటే, ఈడ నువ్వు ఊరందురికీ ఉయ్యాల ఊపతా ఉండావా?”

“బాగా అడుగమ్మా!” అని పిల్లమ్మ వంత పాడింది. “పగలంతా పరాయి మొగోళ్ళ గురకలు! నా పురుగులు బెదిరి మేత మానేస్తా ఉండాయి.”

గుర్రప్ప ఈసారి తనే కంబళి కప్పుకుని పడుకున్నాడు.

చివరికి ముత్తప్ప వచ్చాడు. కోలారు బంగారు గనిలో పనిచేసి మానుకున్నవాడు. తన దగ్గర డబ్బు తక్కువేనని ముందే చెప్పి, మొహమాటంగా పడుకున్నాడు. పొద్దు వాలేదాకా లేవలేదు. లేచినవాడు తిన్నగా వాకిట్లోకి పోయి మట్టి తాకి చూశాడు.

“వాన పడలేదా?”

“యాడ వానప్పా, ఈ ఎండల్లో?”

“ఇరవై ఏండ్లు భూమి కింద రాళ్ళు పేలే చప్పుడు విన్న చెవులప్పా ఇవి. నిద్రలో గూడా పేలతానే ఉంటాయి. ఈ పొద్దు వాన వింటిని. తడిసిపోయినట్లు నిద్రపోతిని.”

గుర్రప్ప వెనక గది తలుపు తోశాడు. తట్టల నిండా తెల్లటి పురుగులు ఆకు తింటున్నాయి. ముత్తప్ప చాలాసేపు నిలబడి విన్నాడు.

“ఈ చప్పుడు దినామూ ఉంటుందామ్మా?”

“నాలుగో నిద్ర లేస్తే వారం దినాలు తింటాయప్పా. అయిపోతే మళ్ళా కొత్తవి పెడతా,” అంది పిల్లమ్మ.

“అయితే నువ్వు యాడికీ పోవద్దు. నువ్వు పోతే నాకు ఇల్లే వద్దు.”

గుర్రప్ప ఒక్క పైసా బేరమాడలేదు. క్రయపత్రం నా చేత రాయించాడు. సిస్టర్లు నేర్పిన గుండ్రటి అక్షరాలతో, “బావి, గాలి, వెలుతురు, వెనక గది చప్పుడు సహా” అని రాశాను.

బండికి మగ్గం ఎత్తేటప్పుడు అడిగాను. “పిల్లమ్మని ఉండనిచ్చేవాళ్ళకే ఇస్తానని మొదట్నే చెప్పొచ్చు కదా?”

“చెప్తే అందురూ సరే అంటారు, కాన్వెంటూ. అప్పుడే నిద్ర లేసిన మనిషి మాత్రం ఒక నిమిషం అబద్ధం చెప్పలేడు. ఆ నిమిషం కోసరమే గదా నేను పక్కన కాపు కాసింది!”

లోపల పిల్లమ్మ పురుగులతో అంటోంది: “పోతా ఉండాడులే, ఇంక బెదరకుండా తినండి.”

“నీ సంగతి ఆమెకి చెప్పనా?” అన్నాను.

గుర్రప్ప కంగారుపడి నా నోరు మూశాడు.

“వద్దప్పో! చెప్తే ఆయమ్మ ఏడుస్తాది. ఆకు తడిసిందంటే పురుగులకు రోగం వస్తాది!”