గాలయ్య బిడ్డ పెళ్ళికి పడ్డ చేపలు

కోడి కూసే వేళకు ఇస్తారమ్మ నెత్తిన గంప ఉండేది. కుంట కట్ట కింద నుంచి మొగుడు గాలయ్య ఒక్క కేక వేస్తే చాలు, ఒడ్డుకు పోయి చేపలు ఎత్తుకుని, షేర్ ఆటో పట్టుకుని పేట్ బషీరాబాద్ పోయేది. రోడ్డు పక్కన గోనెసంచి పరిచి కూర్చుంటే ఎండ ముదరకముందే గంప ఖాళీ అయ్యేది. పెళ్ళయిన కాడి నుంచి అదే బతుకు. కార్తీకంలో ఒక పొద్దున గాలయ్య వల దులుపుతూ దులుపుతూ గుండె పట్టుకుని ఒడ్డునే కూలిపోయాడు. గంప అటకెక్కింది. మెలకువ మాత్రం అదే వేళకు వస్తుంది, కాళ్ళు ఊరుకోవు. వట్టి చేతులతో కట్ట మీదికి పోయి కూర్చుంటుంది. కిందనుంచి ఎవరూ పిలవరు. కాసేపు నీళ్ళను చూసి ఇంటికి వస్తుంది.

గాలయ్య ఉండగానే కూతురు అశ్రితకు కౌకూర్ సంబంధం ఖాయమైంది. పిల్లవాడు ఆకాశ్, ఏసీలు బాగుచేస్తాడు, నెమ్మదస్తుడు. ఇంట్లో చావు జరిగింది కాబట్టి ఏడాది తిరగకముందే పెళ్ళి చేయాలి, దాటితే మళ్ళీ మూడేళ్ళ దాకా ముట్టుకోవద్దని కులపెద్దలు చెప్పారు. వైశాఖంలో ముహూర్తం పెట్టుకున్నారు. ఫంక్షన్ హాల్ మాట ఎవరూ ఎత్తలేదు. వాకిట్లో టెంటు, కార్డులకు బదులు ఫోన్లో మెసేజీలు. ఇస్తారమ్మ తన పెళ్ళినాటి పట్టుచీరకు కొత్త జాకెట్టు కుట్టించి, "నీకే బాగుంటది బిడ్డా" అని అశ్రిత చేతిలో పెట్టింది. ఎటు సర్దినా తిండి దగ్గరే ఆగిపోయింది. వచ్చినవాళ్ళందరికీ మటన్ పెట్టాలంటే ఇల్లు అమ్మాల్సిందే. నీసు కూర లేని పెళ్ళంటే వియ్యాలవారు లేచిపోయే మాట.

మరిది బక్కయ్య వచ్చి ఆ ముడి విప్పాడు.

"వదినె, నువ్వు బియ్యం, నూనె సూస్కో. కూర ముచ్చట ఇగ మర్సిపో. పెండ్లి వల ఏస్తం గదా!"

ఆ బెస్తవాడలో ఆడపిల్ల పెళ్ళయితే ఇంటికొక మొగాడు చొప్పున దిగి, కుంటలో ఒక్కసారి వల లాగుతారు. పడ్డదంతా పెళ్ళింటికే. ఎవరికీ పైసా ఇచ్చే పని లేదు.

"గీ ఎండలకు కుంట ఎండవట్టె, శాపలేడియి?" అంది ఇస్తారమ్మ.

"వచ్చి సూడు, వాటంతట అవే పైకొస్తున్నయి."

నిజమే. మర్నాడు తెల్లారేసరికి బొచ్చెలు, రవ్వలు నీళ్ళ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. చేత్తో పట్టినా చిక్కేలా ఉన్నాయి. బక్కయ్య మొలలోతు నీళ్ళలో నిలబడి నవ్వాడు. "మా అన్ననే వదినె! బిడ్డ పెండ్లికి పంపుతున్నడు."

ఆ మాట వాడంతా పాకింది. అశ్రిత అయితే ఏడుస్తూనే నవ్వింది. "బతికినన్ని దినాలు మటన్ తేలే. సచ్చినంక గూడ శాపలే పంపవట్టె మా నాయిన!"

ఇస్తారమ్మకూ నవ్వొచ్చింది. చాన్నాళ్ళ తర్వాత ఆ పూట రెండో ముద్ద అన్నం పెట్టుకుంది. గాలయ్య ఎక్కడో ఉండి ఇంటిని చూసుకుంటున్నాడన్న ఊహ ఆమెకు అన్నం కంటే ఆకలి తీర్చింది.

పెళ్ళి దగ్గరపడే కొద్దీ కట్ట మీద కూర్చోవడం కష్టమైంది. కొంగలు రావడం మానేశాయి. అన్ని చేపలు పైకి తేలుతుంటే ఒక్క కొంగ లేకపోవడమేమిటి? గాలి తగిలితే మందుగోళీ నాలుక మీద కరిగినట్టు ఏదో చేదు. వెనక కాలువ నీళ్ళు కుంటలోకి దిగే మోరీ దగ్గర నురుగు పేరుకుంది. పక్కన మెత్తటి మట్టిలో ట్యాంకరంత పెద్ద బండి చక్రాల గుర్తులున్నాయి.

"ఏందిది బక్కయ్యా?"

"ఎండకు నీళ్ళు మరిగి శాప మీదికొస్తది. ఏటేట సూస్తలేమా? నువ్వు పరేషాన్ గాకు."

ఏటేటా చూస్తున్నదే. అందుకే ఆమె నోరు మూసుకుంది. కాదంటే పెళ్ళి ఆపాలి. ఆపితే మూడేళ్ళు. కౌకూర్ వాళ్ళు అన్నాళ్ళు ఆగుతారా?

పెళ్ళినాటి పొద్దున మొగవాళ్ళు వల దించుతుంటే ఆమె మోరీ వైపు నడిచింది. తుంగలో ఒక కొర్రమట్ట వెల్లకిలా పడి ఉంది. కుంట ఎండితే బురదలో దూరి, మళ్ళీ వాన పడేదాకా బతికే జాతి అది. ఎండకు చచ్చేది కాదు. దాని వెనకే ఇంకొకటి, ఆ పక్కన మరొకటి. అవతల వల బరువెక్కిందని మొగవాళ్ళు కేరింతలు కొడుతున్నారు.

ఆమె ఇంటికి చేరేసరికి గంపలు వాకిట్లోకి వచ్చేశాయి. వాడలోని ఆడవాళ్ళంతా కత్తిపీటలు వేసుకుని వరుసగా కూర్చున్నారు. మొదటి చేప పెళ్ళికూతురి తల్లి కోయాలి. ఆమె కోసేదాకా ఇంకెవరి కత్తీ కదలకూడదు.

"జల్దీ కానియ్యి అక్కా, పొయ్యి మండుతాంది" అన్నారెవరో.

ఇస్తారమ్మ పీట మీద కూర్చుని, ఇంకా కదులుతున్న రవ్వను తీసుకుని మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా మెరవాల్సింది చాయపొడిలా నల్లబారి ఉంది. ఇంకొకటి తీసింది. అదీ అంతే. రెండింటినీ గంపలో పెట్టేసింది.

"బియ్యానికి, పప్పుకు ఎసరు పెట్టున్రి. పచ్చిపులుసు చేద్దం."

బక్కయ్య తల పట్టుకున్నాడు. "పెండ్లిల పప్పా? వియ్యంకులు పీటల మీదికెల్లి లేస్తరు వదినె! మా అన్న పంపిన దానికి అడ్డం పడ్తవా?"

"మీ అన్న ఒక్కనాడన్న గిట్లాంటి శాప నా గంపల ఏసిండా? నువ్వే సెప్పు."

బక్కయ్య గంపలోకి వంగి చూశాడు.

పసుపు ముఖంతో అశ్రిత గడపలోకి వచ్చింది. "అమ్మా, ఏమాయె? అందరు నిన్నే సూస్తున్నరు."

"సూడనియ్యి."

"వాళ్ళు లేచిపోతే?"

కట్ట మీద ఆటోల హారన్లు మోగుతున్నాయి. కౌకూర్ వాళ్ళు వచ్చేశారు. ఆడవాళ్ళ చేతులు ఇస్తారమ్మ చేతి కోసం ఆగి ఉన్నాయి. వాకిలి నిండా గంపలున్నా ఒక్క ఈగ వాలలేదు. ఆమె కత్తిపీటను పక్కకు పడుకోబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కోయని చేపల ముందు అలాగే కూర్చుంది.