పోయినాయన నిలబడే చోటు

గంటం అంత గట్టిగా ఒత్తకురా కన్నా, తాటాకు చిరిగిపోతుంది. ఈ అవ్వ చెప్పేది మెల్లగా రాసుకో.

కుంఫిణీ దొరలు ఏలే రోజులవి. తిరుమంగళం పక్క మా ఊళ్ళో ఎద్దుల్ని పట్టే ఆటలో పేరుపడ్డ మొనగాడూ, ఆ ఆటకి ఉరుమి డోలు వాయించే తాతా ఆ ఏడు ఒకరి వెనక ఒకరు పోయారు. ఎద్దుల్ని వదిలే వాకిలి దగ్గర మొనగాడు నిలబడే చోట మావాళ్ళు వేపమండలు పరిచారు. ఏడాది తిరిగేదాకా ఆ చోటు పోయినాయనదే. అక్కడ ఎవరూ కాలు పెట్టకూడదు.

ఆట రోజున గట్టు మీద ముసలాళ్ళు ఆ మొనగాణ్ణే తలుచుకుంటున్నారు. ఎద్దుని మాడు అంటారు వాళ్ళు.

"వాడు మూపురం పట్టినాడంటే మాడు ఏడుస్తాది గదరా!"

"నీ మాడు వాణ్ణి చూసి తొట్టి ఎనకాల దూరింది గదా మామా!"

నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. తోపులాటలో చూసుకోక మా అన్న ఆ వేపమండల మీదే నిలబడ్డాడు.

"ఒరే, ఆడ నిలవొద్దు! అది పోయినోని ఎడం, వాని చోటు!" అని మామ అరిచేలోగా వాకిలి తెరిచారు. ఉరుమి లేదు. గిట్టల చప్పుడొక్కటే వినపడింది.

అన్న ఎద్దుని పట్టాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. అయినా ఎవరూ ఈల వెయ్యలేదు. "అచ్చం వాని పట్టే," అంటూ వెనక్కి జరిగారు.

ఇంటికొస్తే అమ్మ హారతి ఇవ్వలేదు. అన్న వెనక ఎవరో ఉన్నట్టు చూసి, రెండు విస్తళ్ళు వేసింది.

"ఇంకొకటి ఎవరికమ్మా?" అన్నాను.

"నువ్వేం అడగొద్దు పాపా. పోయినోనికి కూడు పెట్టి, దారి చూపి అనుపుతాను. మీ అన్నని ఇడిచిపెట్టి, ఒక్కడే పోతే చాలు."