హరేలి గ్రీజు

హరేలి అమావాస్య, గురువారం. ఇక్కడి ఛత్తీస్‌గఢ్ వాళ్ళకి శ్రావణం, మన పంచాంగంలో ఇంకా ఆషాఢమే. పొద్దుట నుంచి ముసురు. షెడ్డులో ఉన్నవాళ్ళు: నేను, మా తమ్ముడు, మరదలు, వెల్డరు. మధ్యాహ్నం తర్వాత ఒక రైతు.

ఆనాటి డైరీ పేజీ పైన ఇంతే రాసుకున్నాను. వెనకటి సంవత్సరాల్లో హరేలి నాడు వచ్చినవాళ్ళ పేర్లు రాయడానికి పేజీ చాలేది కాదు.

మా తమ్ముడిది సుపేలా దాటాక రోడ్డు వారగా ఒక రేకుల షెడ్డు. వరి నూర్చే త్రెషర్లు తయారు చేస్తాడు. నేను ఇక్కడి ఉక్కు ప్లాంటులో ప్లేట్ల తనిఖీ చేసి రిటైరయ్యాను. వాడు ప్లాంటు ఉద్యోగం వద్దని తన పని తాను పెట్టుకున్నాడు. వాడి మిషన్లకి పసుపు రంగు. ఇక్కడి పల్లెల్లో త్రెషర్ని కంపెనీ పేరుతో అడగరు, రంగుతో అడుగుతారు. ఎర్రదీ, ఆకుపచ్చదీ పెద్ద కంపెనీలవి. మాది హల్దీవాలా. ఒకప్పుడు కోతల రోజుల్లో దుర్గ్ దాటి ఏ పల్లెకి వెళ్ళినా కళ్ళాల్లో సగం పసుపే కనిపించేది.

హరేలి ఇక్కడి రైతుల పనిముట్ల పండగ. నాగలి, కొడవలి, గొడ్డలి కడిగి, గుమ్మానికి వేపరెమ్మ కట్టి, బియ్యప్పిండిలో బెల్లం కలిపి పోసిన చీలా అట్లు నైవేద్యం పెడతారు. మొదటి మిషను అమ్మిన ఏడే మా తమ్ముడు ఒక ఆనవాయితీ పెట్టాడు. హరేలి నాడు తన మిషను ఏది షెడ్డుకి తెచ్చినా బేరింగులకి తన చేత్తో గ్రీజు ఎక్కిస్తాడు, పైసా తీసుకోడు. రైతులు ట్రాక్టర్లకి తగిలించుకుని వరసగా వచ్చేవారు. వాళ్ళు చీలాలు తెచ్చేవారు, మా మరదలు పులిహోర పెట్టేది.

వాడి వ్యాపారాన్ని మొదట దెబ్బతీసింది వాడి మిషనే. ఉక్కు ఊళ్ళో పెరిగినవాడు, రేకు మందంగా ఉంటే తప్ప వాడికి నమ్మకం కుదరదు. పెద్ద కంపెనీలు పల్చటి రేకుతో తేలిగ్గా చేసి, తక్కువ ధరకి, వాయిదాల మీద ఇచ్చేవి.

"వాళ్ళది నాలుగేళ్ళకి పోతే రైతు మళ్ళీ వాళ్ళ షోరూముకే వెళ్తాడు. నీది పోదు. మరి రెండోసారి నీ దగ్గరికి ఎందుకొస్తాడ్రా?" అని అడిగాను ఒకసారి.

"గ్రీజుకొస్తాడన్నయ్యా," అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. అది నిజమే. ఊళ్ళో ఒకరు కొంటే మిగతావాళ్ళు అద్దెకి తీసుకునేవారు. తండ్రి కొన్నది కొడుకు చేతికి వచ్చినా తిరుగుతూనే ఉండేది. కొత్తవి కొనేవాళ్ళు మాత్రం తగ్గిపోయారు.

తర్వాత కోతా నూర్పూ ఒకేసారి చేసే హార్వెస్టర్లు వచ్చాయి. త్రెషర్ల గిరాకీ సగం అవే మింగేశాయి. మిగిలినదాని కోసం ఎర్రదీ ఆకుపచ్చదీ పోటీపడ్డాయి. ఆకుపచ్చ కంపెనీ ఎక్స్ఛేంజి పెట్టింది. ఏ రంగు పాత మిషను తెచ్చినా కొత్తదాని ధర తగ్గిస్తారు. ఈ వేసవిలో ఆ కంపెనీ మనిషి మా షెడ్డుకి కూడా వచ్చాడు. త్రెషర్లు మానేసి తమ మిషన్లలో వేసే జల్లెడలు చేసిపెడితే ఏడాది పొడుగునా పని ఉంటుందన్నాడు. హరేలి వెళ్ళాక చెప్తానన్నాడు తమ్ముడు. వాడి మనసులో మాట నాకు తెలుసు. పాత మిషన్లు గ్రీజుకి వస్తే తన త్రెషర్లకి ఇంకా మనుషులున్నట్టే, షెడ్డు వాడిదిగానే నడుస్తుంది. రాకపోతే ఒప్పుకుంటాడు.

ఆ పొద్దున్న గ్రీజు గన్ను నింపి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాడు. ఎంతసేపైనా గేటు ముందు ఏ ట్రాక్టరూ ఆగలేదు.

"వానకి ఆగిపోయుంటారు," అన్నాను.

"హరేలికి వాన కొత్తేటన్నయ్యా?"

మరదలు గిన్నె మూత తీసి చూసి, "బావగారూ, ఈ పులిహోరంతా మీరూ మీ తమ్ముడే తినాల," అంది.

వెల్డరు ఇక్కడే పుట్టిన తెలుగువాడు. "మరి నేను లేనా దీదీ? నన్ను కూడా ఎక్స్ఛేంజిలో ఇచ్చీసారేటి?" అన్నాడు. తమ్ముడు కూడా నవ్వాడు, కళ్ళు మాత్రం గేటు మీదే ఉన్నాయి.

మూడు దాటాక ఒక ముసలి రైతు గొడుగు వేసుకుని నడిచి వచ్చాడు. మా తమ్ముడి మొట్టమొదటి మిషను కొన్నది ఆయనే, వాడు కాకా అని బాబాయి వరసలో పిలుస్తాడు. చేతిలో చీలాల డబ్బా. వెనక ట్రాక్టరు లేదు. డబ్బా మరదలికిచ్చి కూర్చున్నాడు. వానల గురించి చెప్పాడు, నాట్ల గురించి చెప్పాడు, నా మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు. చివరికి తమ్ముడే కదిపాడు.

"మిషనేది కాకా?"

ఆయన గొడుగు మడత సరిచేస్తూ తన ఛత్తీస్‌గఢీలో నెమ్మదిగా చెప్పాడు. "మా అబ్బాయి దుర్గ్ షోరూములో ఇచ్చేశాడు భయ్యా. ఆకుపచ్చది తెచ్చుకున్నాడు."

"పాడైందా?"

"లేదు. మొన్నటి పంట కూడా దాంతోనే నూర్చాం. అందరూ మార్చేశారు, మనదొక్కటే తాతల నాటిదన్నాడు. మా ఊళ్ళో హల్దీవాలా ఒక్కటి కూడా మిగల్లేదు. పక్క ఊళ్ళలోనూ అంతే. నీకు మొహం చూపించలేక ఎవరూ రాలేదు."

తమ్ముడు డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. చీలా ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. "బెల్లం తగ్గింది కాకా. ఇంట్లో కాకీకి పిసినారితనం వచ్చింది," అన్నాడు.

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు మరదలు ఆ డబ్బా నిండా పులిహోర పెట్టి ఇచ్చింది. గ్రీజు గన్ను బల్ల మీద అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు రిసాలిలో మా ఇంటి ముందు స్కూటరు ఆపాడు. భుజాన గుడ్డసంచి ఉంది. "దుర్గ్ ఎల్లొద్దాం, రా అన్నయ్యా," అన్నాడు. గొడుగు తీసుకుని వెనక ఎక్కాను.

షోరూము వెనక పెరట్లో పాత మిషన్లు ఒకదానికొకటి ఆనించి పడేసి ఉన్నాయి. ఎక్కువ పసుపువే. తడిసి, రంగు ఇంకా మెరుస్తోంది. కాకా మిషను ఏదో తమ్ముడు చూడగానే పోల్చాడు. డ్రమ్ము మీద చెయ్యి వేసి ఒక్కసారి తిప్పాడు. చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగి ఆగింది.

సంచిలోంచి గ్రీజు గన్ను తీశాడు. ఒక్కో బేరింగూ గుడ్డతో తుడిచి గ్రీజు ఎక్కించడం మొదలుపెట్టాడు. నేను గొడుగు పట్టుకున్నాను. కాపలావాడు వచ్చి కాసేపు చూశాడు.

"ఇవి ముక్కలు కోసి కరిగించడానికి పోయేవి సాబ్. వీటికి గ్రీజెందుకు?"

"నిన్న హరేలి భయ్యా. వీటికి అందలేదు," అన్నాడు తమ్ముడు.

పసుపు మిషన్లన్నిటికీ ఎక్కించాడు. గన్ను ఖాళీ అయ్యాక చేతులు తుడుచుకుని, సంచి నాకిచ్చి, షోరూము ముందు వైపుకి నడిచాడు. నేను స్కూటరు దగ్గర నిలబడ్డాను. ఎక్కువసేపు పట్టలేదు.

"ఒప్పుకున్నాను. వచ్చే వారం నుంచి జల్లెడలు," అన్నాడు.

"ఏ రేకు వెయ్యమన్నారు?"

"పల్చటిదే," అని స్కూటరు స్టార్టు చేశాడు.