మిరపకాయలు ఏరిన చేత్తో ఇయర్‌ఫోన్స్ పరీక్ష

ఇయర్‌ఫోన్స్ గొప్పా, హెడ్‌ఫోన్స్ గొప్పా అని పర్చూరు శీనుకీ నాకూ నెలల తరబడి నడుస్తున్న గొడవ ఈ సాయంత్రం తేలిపోయింది.

వాడు చెవి లోపలికి దూర్చుకునే ఖరీదైన ఇయర్‌ఫోన్స్ కొని నేరుగా మా కల్లానికే తెచ్చాడు. మధ్యాహ్నం నుంచి నేను మిరపకాయల్లో తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నాను. గబగబా చేతులు కడుక్కుని ఎంపీత్రీ ప్లేయర్‌లో సన్నాయి మేళం పెట్టాను. నా పెద్ద హెడ్‌ఫోన్స్‌లో డోలు ఒక పక్క, సన్నాయి ఒక పక్క వినబడుతూ, పెళ్లిపందిట్లో ముందు వరసలో కూర్చున్నట్టే ఉంది. తర్వాత వాడివి వేళ్లతో నొక్కి మరీ చెవుల్లో పెట్టుకున్నాను. ప్రతి దెబ్బా స్పష్టంగా వినబడింది గానీ, మేళమంతా నా బుర్రలో దూరి వాయిస్తున్నట్టుంది. అంతలో చెవులు భగ్గుమన్నాయి. కళ్లవెంట నీళ్లు కారాయి.

“చూశావా? ఆ క్లారిటీకి ఏడుపొచ్చేసింది నీకు!” అన్నాడు శీను.

“క్లారిటీ కాదురా, కారం! చేతులకి ఇంకా పోలేదు.”

“ఓడిపోయి సాకులు చెప్పమాకరా,” అంటూ వాటిని లాక్కుని తన చెవుల్లో దూర్చుకున్నాడు.

ఇప్పుడు ఇద్దరం కొబ్బరినూనెలో ముంచిన దూది చెవుల్లో పెట్టుకుని కూర్చున్నాం. హెడ్‌ఫోన్సే గొప్పవని వాడూ ఒప్పుకున్నాడు. మీలో ఎవరికైనా ఇంకా అనుమానం ఉంటే మా కల్లానికి రండి. ఆ ఇయర్‌ఫోన్స్ ఇక్కడే ఉన్నాయి, తుడవలేదు.