నా గ్లౌజులు చూసిన ఊరు

ఆ కొండల ప్రయాణం గురించి నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వెళ్ళింది నలుగురం. మిగతా ముగ్గురినీ అడిగారు. మా తెలుగు సంఘం పండక్కి వేసే ప్రత్యేక సంచికలో రంగుల ఫోటోలతో పెద్ద వ్యాసం వచ్చింది. రాసింది మా రూమ్మేటు. అందులో నా గురించి ఒక్క వాక్యం ఉంది: "మాలో ఒక మిత్రుడు అనారోగ్య కారణంగా మధ్యలోనే వెనుదిరగవలసి వచ్చింది." ఆ మిత్రుణ్ని నేనే. నాకు అనారోగ్యం లేదని సంపాదకుడికి ఈమెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. ఇంకోటి పెట్టాను. దానికీ రాలేదు. గుడిలో కనబడితే ఎదురెళ్ళి అడిగాను. "తప్పకుండా చూద్దాం సార్, ముందు ప్రసాదం తీసుకోండి" అన్నాడు. పులిహోర తీసుకున్నాను. ఆయన చూసిందేమీ లేదు. అందుకే ఈసారి సంచికకి కథ అని పేరు పెట్టి ఇక్కడ రాస్తున్నాను.

రూమ్మేటు అంటున్నాను గానీ మేమిద్దరం ఒక గదిలో ఉన్నది ఎం.ఎస్. చదివే రోజుల్లో. తర్వాత ఉద్యోగాలొచ్చి, పెళ్ళిళ్ళయి, న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఎదురెదురు అపార్ట్‌మెంట్లలో కాపురాలు పెట్టాం. పిల్లలు పెద్దవాళ్ళయి, ఇద్దరం దగ్గర దగ్గరగానే ఇళ్ళు కొనుక్కున్నాం. అయినా మా ఇంట్లో అతను రూమ్మేటే. "మీ రూమ్మేటు ఫోన్ చేశాడండీ" అంటుంది మా ఆవిడ ఇప్పటికీ. అంటే, మొన్నటిదాకా అనేది.

ఆ చదువుకునే రోజుల్లో మా గది గోడకి ఒక క్యాలెండర్ ఉండేది. ఇండియన్ కిరాణా కొట్టువాడు ఊరికే ఇచ్చింది. ఒక నెలకి హిమాలయాల బొమ్మ వేశారు. మంచుకొండ, దాని కింద రాతి ఇళ్ళ చిన్న ఊరు, ఒక ఇంటి కప్పు మీంచి లేస్తున్న పొగ. నెల మారినా మేం ఆ కాగితం తిప్పలేదు. ఏడాది మారినా క్యాలెండర్ తీయలేదు. తారీఖు కావాలంటే ఫోన్‌లో చూసుకునేవాళ్ళం. ఒకరోజు అన్నం కుక్కర్ ముందు నిలబడి రూమ్మేటు అన్నాడు:

"మామా, ఎప్పటికైనా ఆ ఊళ్ళో కూర్చుని ఇద్దరం టీ తాగాల్రా."

"ముందు ఉద్యోగం రానీ" అన్నాను.

ఉద్యోగం వచ్చింది. వెళ్ళడానికి మాత్రం కుదరలేదు. దేశం దాటితే వీసా స్టాంపింగ్‌కి పోవాలి, స్టాంపింగ్‌లో ఏదైనా తేడా వస్తే ఇల్లూ కారూ ఉద్యోగమూ ఇక్కడ, మనిషి అక్కడ. గ్రీన్‌కార్డు వచ్చాక చూద్దామనుకున్నాం. అది వచ్చేసరికి నాకు జుట్టు పోయింది, అతనికి కళ్ళజోడు వచ్చింది. అయినా ఇద్దరికీ ఆ బొమ్మ గుర్తుంది. ఏ ఊరో బొమ్మ కింద రాసి లేదు. అందుకని మేం కుదుర్చుకున్న గైడ్ తీసుకెళ్ళే దారిలో అన్నిటికంటే పైనున్న ఊరే మన ఊరు అని తీర్మానించుకున్నాం. పార్సిప్పనీ నుంచి బావాబామ్మర్దులిద్దరు, మా క్రికెట్ టీం వాళ్ళు, మేమూ వస్తామన్నారు. నాకు ఇష్టం లేదు. అది మా ఇద్దరి సంగతి. నన్నెవరూ అడగలేదు.

శిక్షణ కోసం పాత అపార్ట్‌మెంట్ల మెట్లు ఎక్కి దిగేవాళ్ళం, వీపున సంచులతో. నా సంచిలో సోనామసూరి బియ్యం బస్తా పెట్టుకున్నాను. తన సంచిలోనూ బియ్యమే అన్నాడు రూమ్మేటు. అందులో ఉన్నది దిండని తర్వాత వాళ్ళావిడ నోటి వెంట వచ్చింది. ఇదొక చిన్న విషయం. కానీ నేను మర్చిపోలేదు.

కొండల్లో మొదటి రోజులు బాగున్నాయి. ఆ మాట దాచను. ఊరి నుంచి ఊరికి నడక. రాళ్ళు పేర్చిన గోడల వెనక బంగాళాదుంప చేలు, ఇంటి ముందర ఎండబెట్టిన పిడకలు, ప్రార్థనలు చెక్కిన రాళ్ళ గుట్ట వస్తే దాన్ని కుడిచేతి వైపు ఉంచి నడవమని గైడ్ చెప్పేవాడు. సాయంత్రం లాడ్జిలో ఇనప పొయ్యి చుట్టూ కూర్చుంటే పప్పూ అన్నం పెట్టేవాళ్ళు. అందులో మేం తెచ్చుకున్న కందిపొడి కలుపుకునేవాళ్ళం. నేనూ రూమ్మేటూ మళ్ళీ ఒకే గది. అతని గురక మారలేదు.

ఒక వేలాడే వంతెన మీద అతను గ్లౌజులు తీసి సెల్ఫీ తీసుకున్నాడు. రెండూ ఏట్లో పడ్డాయి. ఆ ఎత్తులో కొనుక్కోవడానికి కొట్టు లేదు. నావి తీసి ఇచ్చాను. ఎడమచేతి బొటనవేలి దగ్గర చిరిగితే మా ఆవిడ పసుప్పచ్చ దారంతో కుట్టిన గ్లౌజులు.

"మరి నీకు?"

"నా జేబులు లోతుగా ఉన్నాయిలే."

"నీకు చేతులు చల్లబడవు మామా, నీది వేడి ఒళ్ళు" అన్నాడు తొడుక్కుంటూ. ఆ పైన తిరిగి ఇవ్వలేదు. రెండు చేతుల్లో కర్రలు పట్టుకుని ఎక్కేవాడికి జేబులతో పనేమిటి? రోజూ గాలిలో నా వేళ్ళు కొయ్యబారిపోయేవి.

రోజూ సాయంత్రం గైడ్ మా వేళ్ళకి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించేవాడు. కోవిడ్‌లో అందరం కొనుక్కున్నదే. అంకె మరీ తగ్గితే మర్నాడు పైకి తీసుకెళ్ళడు, అది అతని పద్ధతి. అతని మీద నాకు పెద్దగా కోపం లేదు. పై ఊరికి ఇంకొక్క రోజు నడక ఉందనగా, పొద్దున బూట్లు కట్టుకుంటూ రూమ్మేటుతో అన్నాను, తల కొంచెం దిమ్ముగా ఉందని. అతనికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. "టీ తాగు, పోతుంది" అన్నాడు. తాగాను. పోయిందో లేదో నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు.

ఆ సాయంత్రం క్లిప్పు రూమ్మేటు దగ్గరికి ముందు వెళ్ళింది. అతను వచ్చినప్పటినుంచీ నా గ్లౌజులతో పొయ్యిని ఆనుకునే కూర్చున్నాడు. దగ్గు ఉంది. అంతకుముందు నుంచే దగ్గుతున్నాడు, దుమ్మని చెబుతున్నాడు. కుడి గ్లౌజు తీసి వేలిచ్చాడు. పర్వాలేదన్నాడు గైడ్. తర్వాత నా వేలు. గైడ్ అంకె చూసి, నా ముఖం చూశాడు.

"చేతులు చల్లగా ఉన్నాయి, అందుకే అంకె తగ్గింది. వేడి చేసుకున్నాక మళ్ళీ చూడు" అన్నాను ఇంగ్లీషులో.

"సరే సర్, వేడి నీళ్ళు తాగండి, మళ్ళీ చూద్దాం. తలనొప్పేమైనా ఉందా?"

"లేదు."

అప్పుడు రూమ్మేటు నోరు విప్పాడు. పొద్దున తలనొప్పి అన్నాడని గైడ్‌కి చెప్పాడు. అదీ హిందీలో. నాకు హిందీ రాదని అతనికి తెలుసు. కానీ టీవీలో మాత్రల ప్రకటనలు చూసి పెరిగినవాడికి ఎవడికైనా తలనొప్పిని హిందీలో ఏమంటారో తెలుసు. గైడ్ క్లిప్పు డబ్బాలో పెట్టేశాడు. మళ్ళీ చూడలేదు.

"రేపు పొద్దున మీరు కిందికి సర్. మా అసిస్టెంట్ తోడొస్తాడు."

"నాకేం కాలేదయ్యా! నా గ్లౌజులు వాడి చేతులకున్నాయి, నా చేతులు చల్లబడ్డాయి. అంతే!"

"పోనీ తియ్యన్నా" అన్నాడు బావ. "కింద ఊర్ల కోడి దొరుకుతదట. మాకేమో గీ ఆలుగడ్డలే గతి."

"మాకూ రెండు ముక్కలు దాచిపెట్టుండ్రి" అన్నాడు బామ్మర్ది. ఇద్దరూ నవ్వారు.

నేను రూమ్మేటు వైపు చూశాను. "చెప్పరా, గ్లౌజుల సంగతి చెప్పు" అన్నాను. అతను పొయ్యి తలుపు తీసి, లోపల ఇంకో పిడక వేసి, మూశాడు.

మర్నాడు దిగాను. సాయంత్రానికి కింది ఊళ్ళో తల తేలికపడింది. అసిస్టెంట్ క్లిప్పు పెట్టి చూస్తే అంకె బ్రహ్మాండంగా ఉంది. నేను బాగానే ఉన్నానని అక్కడే తేలిపోయింది. న్యూజెర్సీ వచ్చాక మా డాక్టర్‌కి ఇదంతా చెబితే, "దిగారు కాబట్టే బాగయింది" అన్నాడు. ఇలా మాట్లాడేవాళ్ళతో నేను ఏనాటికి గెలుస్తాను?

వాళ్ళు తిరిగి వచ్చేదాకా ఆ కింది ఊరి లాడ్జిలోనే ఉన్నాను. అక్కణ్ణించి మంచుకొండ కనబడదు, మధ్యలో ఒక బోడి గుట్ట అడ్డం. కిటికీ దగ్గర కూర్చుని ఆ గుట్టనే చూశాను. లాడ్జి ఆవిడ ఉడికించిన దుంపలు పెట్టేది. తినేవాణ్ని. చివరికి ముగ్గురూ పాటలు పాడుకుంటూ దిగారు. రూమ్మేటు నా వీపు మీద చెయ్యి వేసి "ఎలా ఉంది మామా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు లాడ్జి ఆవిడని వైఫై పాస్‌వర్డ్ అడుగుతున్నాడు.

ఇంటికొచ్చాక వాళ్ళింట్లో పాట్‌లక్ పెట్టారు. గోడంత టీవీలో ఫోటోలు. అందులో ఒకటి వచ్చింది. రాతి ఇళ్ళు, వెనక మంచుకొండ, ముందు బల్ల మీద మా రూమ్మేటు, రెండు చేతుల్లో టీ గ్లాసు. గ్లాసు చుట్టూ నా గ్లౌజులు. ఎడమ బొటనవేలి దగ్గర పసుప్పచ్చ దారం కూడా కనబడుతోంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"అవి నావి" అన్నాను.

"ఏవన్నా?" అన్నాడు బామ్మర్ది.

"గ్లౌజులు."

"అరే, ఇచ్చేస్తడు తియ్యన్నా. గ్లౌజుల కోసం గింత గనం పరేషానా?" అందరూ నవ్వారు. మా ఆవిడ నేలకేసి చూసింది.

"గ్లౌజులు కాదు. ఆ రోజు ఎందుకలా చెప్పాడో చెప్పమనండి. అంతే నేనడిగేది" అన్నాను.

టీవీ మీద ఫోటో మారింది. రూమ్మేటు భార్య నా పక్కకొచ్చి, "అన్నయ్యగారూ, మీరు గారెలు అసలు వేసుకోనేలేదు" అని ప్లేట్లో రెండు పెట్టింది.

మర్నాడు కాలింగ్ బెల్ మోగింది. వాళ్ళమ్మాయి. కారు స్టార్ట్‌లోనే ఉంచి వచ్చింది. "అంకుల్, డాడీ ఇది మీకు ఇవ్వు చెప్పాడు" అని ప్లాస్టిక్ కవర్ చేతిలో పెట్టింది. గ్లౌజులు. శుభ్రంగా ఉతికి ఉన్నాయి, సబ్బు వాసన వేస్తున్నాయి.

"డాడీ ఇంకేమైనా చెప్పాడామ్మా?"

"నో అంకుల్. జస్ట్ ఇవ్వు చెప్పాడు. బై."

ఆ తర్వాత నా మోకాలు చెడింది. దిగేటప్పుడే పట్టేసింది, పట్టించుకోలేదు. ఇప్పుడు గుజ్జు అరిగిపోయిందన్నారు. కొండలు ఇక మర్చిపొమ్మన్నారు. ఇంట్లో మెట్లెక్కడానికే రెయిలింగ్ పట్టుకుంటున్నాను. పై ఊళ్ళో టీ నా జన్మకి లేదు. అది నాకు తెలుసు, దాని గురించి ఎవరినీ ఏమీ అడగడం లేదు.

రూమ్మేటు వాళ్ళు వేరే రాష్ట్రంలో అరోరా అనే ఊరికి వెళ్ళిపోయారు. అక్కడ ఉద్యోగం వచ్చిందట. ఆ సంగతి నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది, మిగతా నలభై మందితో పాటు. వాళ్ళ వీధిలోకి కారు తిప్పి చూశాను. గరాజ్ ముందు మూవర్స్ పడేసిన అట్టపెట్టెలున్నాయి, కిటికీలకి కర్టెన్లు లేవు. విడిగా మెసేజ్ పెట్టాను: "ఆ రోజు ఎందుకు చెప్పావు?" నీలం టిక్కులు పడ్డాయి. రెండో రోజు బొటనవేలు బొమ్మ వచ్చింది. ప్రశ్నకి బొటనవేలు ఏం జవాబు?

మా ఆవిడ అంటుంది, "అతను చెప్పి ఉండకపోతే మీకేమయ్యేదోనండీ. ప్రాణం కాపాడాడు అనుకోకూడదా?"

"అనుకుంటాను. కాపాడానని వాణ్ని చెప్పమను."

"ఇవన్నీ ఎవరైనా చెబుతారా?"

"ఒకే గదిలో ఉన్నవాళ్ళు చెబుతారు."

ఆవిడ ఆ తర్వాత ఈ విషయం నాతో మాట్లాడటం మానేసింది. బావాబామ్మర్దులు క్రికెట్ గ్రూపులోంచి నన్ను తీసేశారు, మోకాలు బాగోలేదు కదా అని. ఈ ఊళ్ళో నాకిక అడగడానికి మనిషి లేడు.

నా లెక్కలో రెండే కారణాలున్నాయి. నాకేమైనా అవుతుందని భయపడి చెప్పి ఉండాలి. లేదంటే, నా వేలు మళ్ళీ చూస్తే తన వేలూ మళ్ళీ చూస్తారని, తన దగ్గు సంగతి బయటపడుతుందని చెప్పి ఉండాలి. మొదటిదైతే ఇన్నేళ్ళ స్నేహం నాకు మిగులుతుంది. రెండోదైతే మిగలదు. రెండోదైనా సరే, నోటితో చెబితే వింటాను. ఏదీ చెప్పకపోతే నేను ఆ గుట్ట ఎదురుగా కిటికీ దగ్గరే ఉండిపోతాను. ఇప్పుడూ అక్కడే ఉన్నాను.

రూమ్మేటూ, సంచిక ఇంటికి తెప్పించుకుంటావని నాకు తెలుసు, నీ వ్యాసం వచ్చిన దగ్గర్నుంచీ. ఇది చదువుతావు. నా ఫోన్ నంబర్ మారలేదు. మెసేజ్ వద్దు, బొమ్మ వద్దు, మీ అమ్మాయితో చెప్పి పంపొద్దు. నువ్వే ఫోన్ చెయ్యి. ఆ పొయ్యి దగ్గర నా గ్లౌజులు తొడుక్కుని నువ్వు నోరు విప్పింది నా కోసమా, నీ కోసమా? చెప్పరా మామా.